అమ్మాయిని పాదువా పంపొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి ఇటలీలో మెడిసిన్ చదువుతానంటోంది. స్కాలర్‌షిప్‌తో అంతా ఫ్రీ అంటున్నారు. బొలోన్యా, పాదువాల్లో ఏది మంచిది? రెండూ పాతకాలపు ఊళ్లట, ఒక్కతే ఉండగలదా?
- ఓ తండ్రి, రాజమహేంద్రవరం

జవాబు: నీట్, వీసా సంగతులు ఈపాటికి మీకు కంఠతా వచ్చే ఉంటాయి, వదిలేస్తున్నాను. పోలిక అడిగారు గానీ, మీ అసలు టెన్షన్ ఆ ‘ఒక్కతే’ దగ్గరుంది. కొడుకుని పంపేవాళ్లెవరూ నన్ను ఈ మాట అడగరు.

బొలోన్యా యూనివర్సిటీ 1088 నాటిదని లెక్క. అక్కడి నుంచి విడిపోయి వచ్చిన విద్యార్థులు, గురువులు 1222లో పాదువాలో చదువు మొదలుపెట్టారు. ఇంగ్లిష్‌లో మెడిసిన్ రెండుచోట్లా ఉంది.

పాదువాలో యూనివర్సిటీ పాత భవనాన్ని ‘బో’ అంటారు. బో అంటే ఎద్దు. ఒకప్పుడు అక్కడున్న సత్రం పేరు మీదుగా వచ్చింది. లోపల 1595 నాటి అనాటమీ థియేటర్ ఉంది. గరాటులా పైకి విచ్చుకున్న ఆరు వరసల చెక్క గ్యాలరీలు, అడుగున శవాన్ని కోసే బల్ల. కూర్చునే చోటు లేదు, నిలబడి తొంగి చూడాల్సిందే. రక్తప్రసరణ గుట్టు విప్పిన విలియం హార్వే 1602లో పట్టా పుచ్చుకున్నది ఈ యూనివర్సిటీలోనే.

అదే భవనంలో మెట్ల దగ్గర ఎలెనా కొర్నారో విగ్రహం ఉంటుంది. డాక్టరేట్ అందుకున్న తొలి మహిళగా ఆమెను చెబుతారు, 1678లో. మతశాస్త్రంలో అడిగితే ఆడవాళ్లకు కుదరదని బిషప్ అడ్డుపడ్డాడు, చివరికి తత్వశాస్త్రంలో ఇచ్చారు. ఆ పట్టా కోసం పట్టుబట్టింది ఎవరనుకున్నారు? ఆమె తండ్రి. మూడున్నర శతాబ్దాల కిందటి తండ్రండీ! మీరేమో ఇంకా గుమ్మం దగ్గరే నిలబడ్డారు. అయితే ఆ తర్వాత పాదువా ఆడవాళ్లకు తలుపులు మూసేసింది. బొలోన్యా 1732లో లౌరా బస్సీకి పట్టాతోపాటు పాఠం చెప్పే కొలువూ ఇచ్చింది. పోలికలో ఈ ఒక్క మార్కు బొలోన్యాకే.

నా అనుమానం ఊళ్ల మీద కాదు, ఆ ‘ఫ్రీ’ మీద. స్కాలర్‌షిప్ ఇంటి ఆదాయం చూసి ఇస్తారు, సరిపడా క్రెడిట్లు, అంటే పాసైన సబ్జెక్టులకిచ్చే పాయింట్లు, రాకపోతే ఆగిపోతుంది. ఆ డబ్బు చేతికొచ్చేదాకా అద్దె, తిండి ఖర్చు మీ జేబులోంచే. ఇంకోటి, పాఠం ఇంగ్లిష్‌లోనే చెబుతారు, వార్డులో ముసలమ్మ మాత్రం ‘మీ ఫా మాలే క్వీ’ అంటుంది. ఇక్కడ నొప్పిగా ఉందమ్మా అని. అది అర్థం కాకపోతే మార్కులెన్ని వచ్చినా ఏం లాభం? ఇవాళే ఇటాలియన్ మొదలుపెట్టించండి.

ఇక ఒంటరితనం. పాదువా నడిబొడ్డు అంతా నడిచి తిరిగేంత దగ్గర, ఎటు చూసినా విద్యార్థులే. 1831లో తెరిచిన పెద్రొక్కి అనే కాఫీ హోటల్లో పచ్చ గది ఒకటుంది. ఏమీ కొనకపోయినా అందులో కూర్చోవచ్చనేది ఆ ఊరి ఆచారం. మీ పాప అక్కడ కూర్చుని వీడియో కాల్ చేస్తే ‘తిన్నావా’ అని అడగండి, ఒక్కసారి చాలు.