మోటారు మార్చే ముందు ఒకసారి బండిని చేత్తో తోసి చూడండి

మీరు అడిగింది ఇది: లెగో టెక్నిక్ ముక్కలతో సొంతంగా ఒక 4x4 ట్రక్కు కట్టారు, అందులో పవర్ ఫంక్షన్స్ అనే లెగో మోటార్ల వరుసలోని ఎక్స్‌ఎల్ మోటారు ఒకటి, ఆరు ఏఏ బ్యాటరీల పెట్టె ఒకటి. నున్నటి నేల మీద బాగానే పోతోంది, రెండు పుస్తకాలు ఒకదాని మీద ఒకటి పెట్టి ఎక్కించబోతే మాత్రం లోపల టకటకమని శబ్దం వచ్చి అక్కడే నిలబడిపోతోంది. రెండో మోటారు పెట్టాలా, ఇంకా గట్టి బ్యాటరీ కొనాలా అని మీ ప్రశ్న.

ప్రస్తుతానికి రెండూ వద్దు. మోటారుకి బలం చాలకపోతే ఆ టకటక రాదు, సన్నగా మూలిగి ఆగిపోతుంది. గేరు పళ్లు ఒకదాని మీద నుంచి ఒకటి ఎగిరిపడుతున్నాయంటే మోటారు ఇంకా తిప్పుతూనే ఉందని అర్థం. ఆ బలాన్ని పట్టి ఉంచలేకపోతున్నది మీ చట్రం. ఇంకో మోటారు తగిలిస్తే పళ్లు ఇంకా గట్టిగా ఎగురుతాయి. ఒక్క చిన్న మినహాయింపు ఉంది, ముందు అది చూసేయండి: 24 పళ్ల గేర్లలో క్లచ్ గేరు అని ఒకటి ఉంటుంది, దాని మీద 2.5, 5 అని అంకెలు అచ్చు పోసి ఉంటాయి. తిప్పే బలం అన్ని న్యూటన్ సెంటీమీటర్లు (ఆ బలాన్ని కొలిచే కొలత) దాటితే జారిపోవడానికే దాన్ని తయారు చేశారు. ఎక్స్‌ఎల్ మోటారు ఆగిపోయే ముందు ఇచ్చే బలం సుమారు 40, కాబట్టి ఆ గేరు చక్రాల దారిలో ఎక్కడ ఉన్నా జారి తీరుతుంది. అది స్టీరింగ్‌కీ, చివరిదాకా వెళ్లి ఆగాల్సిన భాగాలకీ పనికొస్తుంది, బండి నడపడానికి పనికిరాదు. మీ దాంట్లో ఉంటే తీసి మామూలు 24 పళ్లది వేయండి, బహుశా సగం సమస్య అక్కడే పోతుంది.

లేదంటే మీ పరిస్థితి అచ్చంగా నా మొదటి ట్రక్కు పరిస్థితే. నాది కిలోన్నర దాకా బరువుండేది. మోటారు పక్కనే 8 పళ్ల గేరుతో 24 పళ్ల గేరుని తిప్పి, అక్కడి నుంచి పొడవాటి యాక్సిల్ (గేర్లనీ చక్రాలనీ కలిపి తిప్పే కడ్డీ) ఒకటి వెనక్కీ, ఒకటి ముందుకీ వేశాను. కాగితం మీద లెక్క సరిగ్గా ఉంది, వేగం మూడో వంతుకి తగ్గి బలం మూడింతలు అవ్వాలి. చిన్న ఎత్తు ఎక్కించగానే మీకు వచ్చిన శబ్దమే వచ్చింది. నేనూ మీలాగే మోటారు చాలట్లేదనుకుని రెండోది పెట్టాను. ఈసారి శబ్దం రాలేదు, చక్రాలూ తిరగలేదు. విప్పి చూస్తే 12 స్టడ్‌ల (లెగో ముక్కల మీది బొడిపెల) పొడవున్న యాక్సిల్ తాడుకి పురి పెట్టినట్టు మెలి తిరిగి ఉంది, గేరులోంచి బయటికి లాగడానికి చాలాసేపు పట్టింది. అది చూసినప్పుడే అర్థమైంది, నేను చూడాల్సింది మోటారుని కాదు, మోటారుకీ చక్రానికీ మధ్య ఉన్న దారిని అని. ఆ తర్వాత ఆ ట్రక్కుని మూడుసార్లు విప్పి కట్టాను, చివరికి ఒక్క ఎక్స్‌ఎల్ మోటారుతోనే పుస్తకాలు ఎక్కింది.

మీరు మొదట చేయాల్సింది మోటారు విప్పేసి బండిని నేల మీద పెట్టి చేత్తో ఒక్కసారి తోయడం. మోటారు తగిలి ఉండగా తోయకండి, దాని లోపలే గేర్లు ఉంటాయి కాబట్టి ఎలాగూ బిగుతుగానే అనిపిస్తుంది, ఏమీ తెలియదు. విప్పాక తోస్తే బండి కొంత దూరం దానంతట అది దొర్లాలి. చెయ్యి తీసిన చోటే ఆగిపోతే మీ మోటారు బలంలో చాలా భాగం రాపిడికే పోతోందన్నమాట. నా మొదటి ట్రక్కు ఒక జానెడు కూడా దొర్లలేదు. అలా అయితే ఒక్కో యాక్సిల్‌ని విడిగా వేళ్లతో తిప్పుతూ ఏది బిగుసుకుందో వెతకండి. మామూలుగా దొరికే కారణాలు రెండే: బుష్‌ని (యాక్సిల్ జరగకుండా తొడిగే చిన్న ఉంగరం) బీమ్‌కి (వరుసగా రంధ్రాలున్న పొడవాటి ముక్క) ఆనించి గట్టిగా నొక్కేయడం, చట్రం వంకరగా ఉండటం. బుష్‌కీ బీమ్‌కీ మధ్య వెంట్రుకవాసి వదులు వదలాలి, యాక్సిల్‌ని పట్టుకుని ముందుకీ వెనక్కీ కదిపితే కదిలీ కదలనట్టు ఉండాలి. ఇక చట్రం సంగతి, ఎక్కడైనా పిన్‌ని (రంధ్రాల్లో దూర్చి ముక్కల్ని కలిపేది) బలవంతంగా తోస్తేనే దూరిందీ అంటే అక్కడ రంధ్రాలు వరుసలో లేవు. ఆ వంకర మొత్తం యాక్సిల్ మీద పడుతుంది. అలాంటి చోట ఎంత కష్టమైనా విప్పి మళ్లీ కట్టడమే మంచిది. ఇంకోటి, తిరిగే కీలు ఉన్నచోట నల్ల పిన్ వాడకండి, అది రాపిడి కోసం చేసిన పిన్. అక్కడ రాపిడి లేని రకం వేయాలి.

బండి బాగానే దొర్లుతోంది, అయినా పళ్లు ఎగురుతున్నాయి అంటే రెండో పరీక్ష. మోటారు మళ్లీ తగిలించి, ఒక చేత్తో వెనక చక్రాలు రెండూ పట్టుకుని, ముందు చక్రాలు ఏదైనా బరువైన దానికి ఆనించి, ఒక్క క్షణం మాత్రం మోటారు ఆన్ చేయండి. అడుగు భాగాన్ని ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీయండి. కంటికి కనబడనిది అందులో కనబడుతుంది. నా వీడియోలో ఏమి కనబడిందంటే, 12 పళ్ల గేరూ 20 పళ్ల గేరూ అడ్డంగా కలిసే మూలలో యాక్సిల్ ఒక మిల్లీమీటరు పక్కకి జరిగి, బీమ్ కొంచెం విచ్చుకుని, పన్ను జారి, మళ్లీ అన్నీ యథాస్థానానికి వచ్చేస్తున్నాయి. ఆగి ఉన్నప్పుడు చూస్తే ఆ మూల ఎంతో గట్టిగా కనిపించేది.

ఎందుకు జరుగుతుందంటే గేరు పళ్లకి వాలు ఉంటుంది, అందుకే బలం పెరిగేకొద్దీ అవి తిప్పడంతో పాటు ఒకదాన్నొకటి దూరంగా నెట్టుకుంటాయి. అడ్డంగా కలిసే బెవెల్ గేర్లయితే యాక్సిల్‌ని పొడవు దిక్కున వెనక్కి కూడా నెడతాయి. ఆ రెండు గేర్ల యాక్సిల్‌లూ వేర్వేరు బీమ్‌లలో కూర్చుని, ఆ బీమ్‌లని ఎక్కడో దూరంగా రెండు పిన్‌లు కలుపుతుంటే ఆ మూల విచ్చుకోక తప్పదు. రెండు యాక్సిల్‌ల ఆసరా ఒకే ముక్కలో ఉండేలా చూడండి. 5x7, 5x11 కొలతల్లో నాలుగు వైపులా మూసి మధ్యలో ఖాళీగా ఉండే చట్రం ముక్కలు ఉంటాయి చూశారా, డిఫరెన్షియల్‌ని (రెండు పక్కల చక్రాలూ వేర్వేరు వేగాలతో తిరిగేలా చేసే గేర్ల గుత్తి) అందులో కూర్చోబెట్టి అడ్డ గేరుని దాని గోడలోంచే రానిస్తే ఇక కదలదు. నాకు ఈ ఆటలో అన్నిటికంటే నచ్చిన ముక్క ఏదంటే ఆ 5x7 చట్రమే అంటాను. గేరు వెనకాల ఖాళీ ఉండకూడదు, బుష్‌తో గానీ సగం బుష్‌తో గానీ నింపేయాలి.

గేర్ల మధ్య దూరం లెక్క కూడా ఒకసారి సరిచూసుకోండి, చాలా సులువు. రంధ్రాల మధ్య దూరం 8 మిల్లీమీటర్లు. 1977లో టెక్నిక్ మొదలైనప్పటి నుంచీ ఇదే కొలత. మామూలు గేరుకి ఎన్ని పళ్లో దాని వ్యాసం దాదాపు అన్ని మిల్లీమీటర్లు. అందుకే 8 పళ్లదీ 24 పళ్లదీ కలవాలంటే 4, 12 కలిపి 16 మిల్లీమీటర్లు, అంటే సరిగ్గా రెండు రంధ్రాల దూరం. 12, 20 కూడా అంతే. 8, 40 అయితే మూడు రంధ్రాలు. 16 పళ్లదాన్ని 24 పళ్లదానితో కలపబోతే మాత్రం 20 మిల్లీమీటర్లు వస్తుంది, రెండున్నర రంధ్రాలు, మామూలు బీమ్‌లో అది కుదరదు. దగ్గరగా ఉంది కదా అని సర్దేస్తే అక్కడే పళ్లు జారతాయి. పాత పద్ధతిలో స్టడ్‌లున్న బ్రిక్‌లతో కడుతున్నవాళ్లకి ఇంకో చిక్కు ఉంది, బ్రిక్ ఎత్తు 9.6 మిల్లీమీటర్లు కాబట్టి ఒకదాని మీద ఒకటి పేరిస్తే నిలువు రంధ్రాలు కలవవు. మధ్యలో 3.2 చొప్పున రెండు ప్లేట్లు పెడితే సరిగ్గా 16 అవుతుంది. ఈ కొలతలు ఇంత పొందికగా కుదరడం చూస్తే నాకు ఇప్పటికీ ఆనందంగానే ఉంటుంది.

ఇప్పుడు అసలు మార్పు. వేగాన్ని తగ్గించే గేర్లు మోటారు దగ్గర ఉంచకండి, చక్రం దగ్గరికి జరపండి. మోటారు పక్కనే మూడింతలు చేస్తే ఆ మూడింతల బలాన్ని దాని తర్వాత వచ్చే యాక్సిల్, యూనివర్సల్ జాయింట్ (వంగుతూనే తిరిగే కీలు), డిఫరెన్షియల్, అడ్డ గేర్లు అన్నీ మోయాలి. అదే తగ్గింపు చక్రం పక్కనే జరిగితే దారిలో ఉన్నవన్నీ తేలిగ్గా, వేగంగా తిరుగుతాయి, మూడింతల బలం చివరి అంగుళంలోనే పుడుతుంది. నిజం బండ్లలో కూడా ఈ పద్ధతి ఉంది, ఉనిమాగ్ ట్రక్కుల పోర్టల్ యాక్సిల్ ఇదే పని చేస్తుంది, పైగా యాక్సిల్ చక్రం మధ్యకంటే ఎత్తులో ఉంటుంది కాబట్టి అడుగున రాళ్లు తగలవు. 2011లో వచ్చిన 8110 నంబరు ఉనిమాగ్ యూ400 సెట్‌లో పోర్టల్ యాక్సిల్‌లు ఉన్నాయి, దాని కట్టుబడి బొమ్మలు ఒకసారి తిరగేయండి, ఆ మూల ఎలా బిగించారో చూడటానికే. నా ట్రక్కులో నాలుగు చక్రాల దగ్గరా 8, 24 పెట్టాక పొడవాటి యాక్సిల్ మెలి తిరగడం పూర్తిగా ఆగిపోయింది.

వేగం తగ్గిపోతుందేమోనని టెన్షన్ పడకండి. ఎక్స్‌ఎల్ మోటారు 9 వోల్టుల దగ్గర బరువు లేకుండా నిమిషానికి సుమారు 220 చుట్లు తిరుగుతుంది. మూడో వంతుకి తగ్గిస్తే 73. చక్రం 81.6 మిల్లీమీటర్ల టైరు అయితే ఒక చుట్టుకి 256 మిల్లీమీటర్లు పోతుంది, అంటే సెకనుకి 31 సెంటీమీటర్లు. బండి బరువు పడితే ఇందులో కొంత పోతుంది. ఎక్కే బండికి ఆ వేగం ఎక్కువే, నేనైతే అయిదో వంతుకి తగ్గించడం ఇష్టపడతాను, సెకనుకి 19 సెంటీమీటర్ల లోపు నెమ్మదిగా పాకుతూ పుస్తకం అంచుని పట్టుకుని పైకి లేవడం చూడటానికి చాలా బాగుంటుంది.

తగ్గింపు ఎక్కువ కావాలని వార్మ్ గేరు (మర పురిలా ఉండే గేరు) మాత్రం చక్రాలకి పెట్టొద్దు. 24 పళ్ల గేరుతో కలిపితే ఒక్క దెబ్బకి 24 రెట్లు తగ్గుతుంది నిజమే, కానీ బలంలో చాలా భాగం రాపిడికే పోతుంది, పైగా చక్రం వైపు నుంచి తిప్పితే తిరగదు. అది విన్చ్‌కి (తాడు చుట్టి బరువు లాగేది), క్రేన్ చేతికి సరైనది. అక్కడ బరువు దానంతట అది జారిపోకుండా పట్టుకుంటుంది.

డిఫరెన్షియల్ గురించి మీరు అడగలేదు కానీ తర్వాత ఎదురయ్యేది అదే. ఒక చక్రం గాల్లోకి లేవగానే తిరుగుడంతా దానికే పోతుంది, నేల మీద ఉన్నది కదలదు. నేను వెనక డిఫరెన్షియల్ తీసేసి రెండు చక్రాలకీ ఒకే యాక్సిల్ వేశాను, ముందు మాత్రం ఉంచాను. మలుపులో వెనక చక్రాలు కొంచెం ఈడుస్తాయి, ఎక్కడంలో మాత్రం తేడా వెంటనే తెలుస్తుంది.

ఇక బ్యాటరీలు. ఒకసారి వాడి పడేసే ఏఏలు ఆరు కలిపితే 9 వోల్టులు, రీచార్జ్ చేసేవి ఒక్కోటి 1.2 కాబట్టి 7.2. అంకె చూసి రీచార్జ్‌వి బలహీనం అనుకుంటారు. కానీ బరువు పడినప్పుడు మామూలు వాటి వోల్టేజి బాగా కిందికి జారుతుంది, రీచార్జ్‌వి నిలకడగా ఉంటాయి. నేను చాలాకాలంగా రీచార్జ్‌వే వాడుతున్నాను. బ్యాటరీ పెట్టెని ఎక్కడ పెడతారన్నది అంతకంటే ముఖ్యం. మామూలు ఏఏ ఒకటి సుమారు 23 గ్రాములు, ఆరింటికి 140 గ్రాములు పోతాయి, ఆ బరువు ట్రక్కు వెనక పైభాగంలో ఉంటే ఎత్తు ఎక్కేటప్పుడు ముందు చక్రాలు తేలిపోతాయి. కిందికి, కొంచెం ముందుకి జరపండి. బండి ఇరుక్కున్నప్పుడు బటన్ నొక్కి పట్టుకుని ఉండకండి, మోటారులో ఉన్న రక్షణ వేడెక్కి కరెంటు ఆపేస్తుంది, కాసేపు వదిలేస్తే మళ్లీ పనిచేస్తుంది.

ఇంత చేశాక కూడా శబ్దం రాకుండా మూలిగి ఆగిపోతోందంటే, అప్పుడు రెండో మోటారు న్యాయమైన మాట. ఒకే రకం మోటార్లే కలపండి, ఎక్స్‌ఎల్‌కి తోడు నిమిషానికి 390 చుట్లు తిరిగే ఎల్ మోటారుని ఒకే యాక్సిల్ మీద బిగిస్తే ఒకటి ఇంకోదాన్ని లాగుతూ ఉంటుంది. రెండు మోటార్లు ఎదురెదురుగా ఉంటే ఒకదాని దిశ తిరగేయాలి, లేకపోతే రెండూ ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటాయి.

ఈ వారం మోటారు విప్పి తోసి చూడండి. ఎంత దూరం దొర్లిందో, వీడియోలో ఏ మూల విచ్చుకుందో ఇక్కడే రాయండి. బండిని తిరగేసి అడుగు భాగం మొత్తం కనబడేలా ఒక ఫోటో కూడా పెట్టండి, ముఖ్యంగా ముందు చక్రాలకి తిరుగుడు అందించే అడ్డ గేరు దగ్గర, నా అనుమానమంతా ఆ మూల మీదే.