బాపు ఫొటోను ఎట్లా చూడాలంటే

అల్లుడూ,

ఆశీస్సులు. నువ్వు వాట్సాప్‌లో పంపిన ఫొటో చూశాను. దాని కింద "మామా, ఇందులో బాపు పరాయి మనిషిలా ఉన్నాడు. మేమంటే ఆయనకు ఇష్టం ఉండేదా అసలు?" అని రాశావు. ఇది ఫోన్లో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు, అందుకే తీరిగ్గా రాస్తున్నా. అప్పట్లో కోరుట్లలో స్టూడియో నాదే, ఆ ఫొటో తీసిందీ నేనే. ఒక ఫొటోను ఎట్లా చూడాలో నీకు చెప్పగలను.

ముందు ముఖాన్ని పక్కన పెట్టు. అందరూ అక్కడే ఆగిపోతారు. 1987లో మా స్టూడియోలో నవ్వుతూ ఫొటో దిగినవాళ్లు చాలా తక్కువ. రోల్‌కు పన్నెండే ఫొటోలు, అటూ ఇటూ ఐదొందల వాట్ల బల్బుల వేడి, షట్టరేమో నెమ్మది. కాస్త కదిలినా బొమ్మ చెదిరిపోయేది. అందుకే "గడ్డం కిందికి, ఊపిరి బిగబట్టు, రెప్ప కొట్టొద్దు" అని ప్రతి ఒక్కరికీ చెప్పేవాణ్ణి. మీ బాపు, అదే మా బావ, నేను చెప్పినట్టే నిలబడ్డాడు. ఆ బిగుసుకున్న దవడ చూసి ఆయన మనసు ఇంతేనని అనుకోవద్దు. వెనక తాజ్‌మహల్ పరదా, స్టూలు మీద ప్లాస్టిక్ పూలు కూడా నావే. వాటిలో ఆయన దొరకడు.

ఆయన తెచ్చినవి ఏవో అవి చూడు. ఫొటోను పెద్దది చేసి నీ కాళ్ల దగ్గరికి రా. నాలుగేళ్ల పిల్లాడికి ఆ బూట్లు పెద్దవి, మడమ వెనక వేలు పట్టేంత సందు ఉంది. ఆ బూట్ల కథ నీకు ఎవరూ చెప్పినట్టు లేరు. అక్క నిన్ను తెల్ల కాగితం మీద నిలబెట్టి, నీ పాదం చుట్టూ పెన్సిల్‌తో గీసి, ఆ కాగితాన్ని ఉత్తరంలో మడిచి సౌదీలో బావ పనిచేసే దమ్మామ్‌కు పంపింది. ఉత్తరం చేరడానికే రెండు మూడు వారాలు పట్టేది. బావకు సెలవు దొరికేసరికి ఇంకా నెలలు. అప్పటికి నీ కాలు ఎంత పెరుగుతుందో ఆయన లెక్క వేసుకోవాలి. పైగా ఒకసారి వచ్చి వెళ్తే మళ్లీ వచ్చేది రెండేళ్లకు. అందుకే సైజు పెంచి కొన్నాడు. అక్క ముందు వైపు దూది కుక్కి నీకు తొడిగింది. ఎదురుగా లేని కొడుకు కాలు ఎంత పెరిగి ఉంటుందో ఊహించి బూట్లు కొనడం ఎట్లా ఉంటుందో ఇప్పుడు నువ్వూ ఒక కొడుక్కి తండ్రివి, ఆలోచించు.

రెండోది, తేదీ. ఏ సంవత్సరమో తెలిస్తే ఆ ముందూ వెనకా ఏం జరిగిందో రాసుకో. చెల్లెలు పుట్టి ఏడాది దాటినా బాపు చూడటానికి రాలేదని నీకు ఇప్పటికీ బాధే. 1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌లోకి దిగింది. 1991 జనవరి, ఫిబ్రవరి నెలల్లో దహ్రాన్, రియాద్‌ల మీద స్కడ్ క్షిపణులు పడ్డాయి. దహ్రాన్ దమ్మామ్ పక్కనే. అక్క పొద్దుమాపు రేడియో దగ్గరే కూర్చునేది. బావ పాస్‌పోర్టు కఫీల్ (అక్కడ పనిలో పెట్టుకున్న యజమాని) దగ్గర, ఇక్కడ ఏజెంటుకు కట్టిన డబ్బు మీద వడ్డీ నెలనెలా పెరుగుతోంది. నీకు అప్పుడు ఎనిమిదేళ్లు, ఇవన్నీ నీకు ఎవరు చెప్తారు?

అట్లాగని కోపమంతా వదిలేయమని అనను. నీకు జ్వరం వచ్చిన రాత్రులు అక్క ఒక్కతే మేల్కొంది. స్కూల్లో సంతకం పెట్టడానికి నేను వచ్చాను, ఆయన కాదు. కారణం ఎంత న్యాయమైనదైనా పిల్లాడికి ఆ వెలితి వెలితే. ఫొటో చూసి ఆయన మంచివాడని తీర్పు చెప్పడానికి తొందరపడకు, చెడ్డవాడని చెప్పడానికీ వద్దు.

ఆయన ఇంట్లోనే ఉన్నాడు కదా, ఆయన్నే అడుగు. కానీ "ఎందుకు రాలేదు బాపూ" అనొద్దు. గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన వాళ్లను నేను చాలామందిని చూశాను. ఆ ప్రశ్నకు "ఏం చేస్తం, తప్పలేదు" అంటారు, మాట అక్కడికి ఆగిపోతుంది. వస్తువుల గురించి అడుగు. ఆ బూట్లు ఏ బజారులో కొన్నావు, తోడు ఎవరొచ్చారు, క్యాంపు గదిలో ఎంతమంది ఉండేవారు, శుక్రవారం సెలవు నాడు వంట ఎవరిది? ఎదురుగా కూర్చోకు, విచారణ చేసినట్టు ఉంటుంది. పక్కన కూర్చుని ఫొటో ఇద్దరి మధ్య పెట్టు. ఆయన మాట ఆపితే నువ్వు పూరించకు, కాసేపు ఆగు. మొదటి రోజు ఏమీ చెప్పకపోవచ్చు, అయినా మళ్లీ కూర్చో. ఫోన్లో రికార్డు చేసేదుంటే ముందే చెప్పి చెయ్యి.

ఇంకో ప్రశ్న తప్పకుండా అడుగు. ఆ రోజు నేను రెండు ప్రింట్లు వేశాను. పెద్దది ఇంటికి, పోస్టుకార్డు సైజుది బావ సూట్‌కేసులో పెట్టుకున్నాడు. ఆ చిన్నది అక్కడ ఎక్కడ ఉంచుకున్నాడో, ఇప్పుడు ఉందో లేదో నాకూ తెలుసుకోవాలని ఉంది.

ఫ్రేమ్ మాత్రం నువ్వు విప్పకు. తేమకు ఫొటో అద్దానికి అంటుకుని ఉంటుంది, లాగితే పైపొర చిరిగి వస్తుంది. ఇప్పటికి ఫ్లాష్ లేకుండా, కిటికీ వెలుతురులో, అద్దం మీద నీ నీడ పడకుండా ఫోన్‌తో ఒక కాపీ తీసి ఉంచు. దసరాకు ఒక రోజు ముందు బయలుదేరి, ఫ్రేమ్‌ను తువ్వాలలో చుట్టి నా దగ్గరికి తీసుకురా. నేను విప్పి చూస్తాను. వెనక నా స్టాంపు, తేదీ ఉండాలి. ఎవరెవరు ఉన్నారో, ఆ బూట్ల సంగతి కూడా పెన్సిల్‌తో మెల్లగా రాద్దాం. బాల్‌పెన్ను వద్దు, గీత ముందుకు తేలుతుంది. పిల్లాణ్ణీ వెంట తీసుకురా.

మీ మామ