వెలిగే పోర్టుకు ఆ బిరడా ఎందుకు?

ప్రశ్న: మాది చీమకుర్తి. కొత్తగా అసెంబుల్ చేయించిన కంప్యూటర్ వెనక, స్పీకర్ పిన్నులు పెట్టే చోటి పక్కనే చదరంగా ఒక పోర్టు, అందులో నల్ల ప్లాస్టిక్ ముక్క ఉన్నాయి. లాగితే ముక్క ఊడొచ్చింది, లోపల ఎర్రగా వెలుగుతోంది. ఏమైనా పాడు చేశానా? ముక్క పారేయొచ్చా? ఆ లైటు కంటికి ప్రమాదమా?

మీరేమీ పాడు చేయలేదు, టెన్షన్ వద్దు. అది ఊడి రావడానికే ఉంది. మీరు చూసింది ఆప్టికల్ ఆడియో పోర్టు. 1983లో తోషిబా సీడీ ప్లేయర్ల కోసం తెచ్చిన పద్ధతి ఇది, టాస్‌లింక్ అంటారు. మామూలు వైరులో కరెంటు రూపంలో పోయే సౌండు ఇందులో ఎర్రటి ఎల్ఈడీ వెలుగు రూపంలో, 1 మిల్లీమీటరు మందం ప్లాస్టిక్ ఫైబర్ గుండా పోతుంది. అది లేజర్ కాదు, కనబడితే కంటికేమీ కాదు, అలాగని పనిగట్టుకుని లోపలికి తొంగిచూడక్కర్లేదు.

ఇక బిరడా సంగతి. దానికీ కరెంటుకీ సంబంధం లేదు, ఉన్నా లేకపోయినా కంప్యూటర్ ఒకేలా పనిచేస్తుంది. దుమ్ము లోపలికి పోకుండా ఆపడమే దాని పని. కొన్ని మదర్‌బోర్డుల్లో (కంప్యూటర్ లోపలి ప్రధాన బోర్డు) దాని బదులు స్ప్రింగ్ తలుపు ఉంటుంది, మీ బోర్డులో లేదు కాబట్టి బిరడా ఇచ్చారు. వేరే ఊరివాళ్లయితే పారేసినా పెద్దగా పట్టించుకోనక్కర్లేదు అనేవాణ్ణి, కానీ మీది చీమకుర్తి, గెలాక్సీ గ్రానైట్ కోసే, పాలిష్ చేసే ఊరు, ఆ సన్నపొడి కిటికీలు మూసినా బీరువాలోకి దూరుతుంది. అది ఎల్ఈడీ ముందు పేరుకుంటే వెలుగు సరిగ్గా అందదు. అప్పుడు సౌండు తగ్గదు, డిజిటల్ కదా, మధ్యమధ్యలో తెగుతుంది లేదా పూర్తిగా పోతుంది. అందుకని కేబుల్ పెట్టనంత కాలం బిరడా దాని చోట ఉండనివ్వండి, కేబుల్ పెట్టాక తీసిన ముక్కని మదర్‌బోర్డు డబ్బాలో పడేయండి. ఇప్పటికే దుమ్ము చేరిందనిపిస్తే చేతి బ్లోయర్‌తో ఊదండి. నోటితో వద్దు, తుంపర్లు పడతాయి. పిన్నీసుతో గీకడం అసలే వద్దు.

ప్రశ్న: కావలి దగ్గర తుమ్మలపెంట. సముద్రపు గాలికి మా ఇంట్లో స్పీకర్ పిన్నులు తుప్పు పడుతున్నాయి, పైగా స్పీకర్లలో ఒకటే గుయ్యిమని మోత. ఆప్టికల్ కేబుల్, సౌండ్‌బార్ కొన్నా. పెట్టా, సౌండే లేదు.

ముందుగా మంచి పని చేశారు. వెలుగు పోయే దారిలో లోహపు కాంటాక్టులుండవు, కాబట్టి ఉప్పుగాలికి తుప్పు పట్టేందుకు అక్కడేమీ లేదు. ఆ మోత ఎర్తింగ్ తేడాల వల్ల ఆడియో వైరు గుండా వచ్చేదైతే దానికీ ఇదే మందు, కంప్యూటర్‌కీ సౌండ్‌బార్‌కీ మధ్య ఈ కేబుల్లో కరెంటు దారే లేదు.

ఇప్పుడు కేబుల్ రెండు కొసలూ చూడండి. ఒక్కోదానికి చిన్న ప్లాస్టిక్ టోపీ ఉంటుంది, చాలా కేబుళ్లకు పారదర్శకంగా ఉండి కనబడదు, చాలామంది దాంతోనే పోర్టులోకి నొక్కేస్తారు. తీసేయండి. ఒక కొస కంప్యూటర్‌కి పెట్టి రెండో కొస అరచేతి వైపు తిప్పితే ఎర్రచుక్క కనబడాలి. కనబడితే కేబులూ పోర్టూ బాగున్నట్టే. ఆ తర్వాత విండోస్ సౌండ్ సెట్టింగ్స్‌లో స్పీకర్స్ బదులు డిజిటల్ అవుట్‌పుట్ ఎంచుకోండి, సౌండ్‌బార్ రిమోట్‌లో ఆప్టికల్ నొక్కండి. అక్కడే ఆగిపోయేవాళ్లు ఎక్కువ.

పొరపాటున టీవీ ఆప్టికల్ పోర్టుకి పెట్టారేమో కూడా చూసుకోండి. టీవీదీ, కంప్యూటర్‌దీ సాధారణంగా రెండూ బయటికి పంపేవే, ఒకదాన్నొకటి కలిపితే ఏమీ రాదు. ఇంకోటి, ఇందులో డాల్బీ డిజిటల్ 5.1 (ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్) సినిమా సౌండు పోతుంది గానీ, గేముల్లో 5.1 కావాలంటే మీ బోర్డు సాఫ్ట్‌వేర్‌లో డాల్బీ డిజిటల్ లైవ్ లేదా డీటీఎస్ కనెక్ట్ అనే సదుపాయం ఉండాలి, లేకపోతే రెండు ఛానళ్లే. బ్లూరే డిస్కుల్లో వచ్చే, ఇంకా ఎక్కువ నాణ్యత ఉన్న డాల్బీ ట్రూహెచ్‌డీ సౌండు దీంట్లో పట్టదు, దానికి హెచ్‌డీఎంఐ వాడాల్సిందే.