ఓనరు మీద రాసేముందు

విశాఖపట్నం

అమ్మా,

మన ఊరి ఫుట్‌బాల్ క్లబ్బు మీద నువ్వు రాసి పంపిన వార్త కాపీ చదివాను. క్లబ్బు వరసగా ఓడుతోంది, జీతాలు అందడం లేదు, ఓనరు ఫోనెత్తడం లేదు, అభిమానులు మండిపడుతున్నారు. అన్నీ నిజమే కావచ్చు. కానీ ఈ కాపీ ఇలాగే జిల్లా పేజీలో వస్తే మర్నాడు లాయరు నోటీసు వస్తుంది తప్ప ఆటగాళ్ల ఖాతాల్లో ఒక్క రూపాయి పడదు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఇందులో కలిసిపోయిన రెండు వార్తల్ని విడదియ్యి. జట్టు ఓడిపోవడం ఒకటి, క్లబ్బు మునిగిపోవడం ఇంకొకటి. కార్నర్లకి గోల్స్ ఎందుకు పడుతున్నాయో కోచ్‌ని అడగాలి. ఓనరుని అడగాల్సినవి వేరు: జీతం ఆఖరుసారి ఏ తేదీన పడింది, గ్రౌండు అద్దె ఎంత బాకీ ఉంది, ఆటగాళ్లని ఎవరు కొంటున్నారు, తీసేసిన కోచ్‌లకి లెక్క తేల్చారా, పిల్లల జట్లు నడుస్తున్నాయా, ఫెడరేషన్ లైసెన్సు కోసం ఏ కాగితాలిచ్చారు. ఓటమి వేడిలో ఓనరు మీద రాసింది వచ్చే ఆదివారం 2-0తో గెలవగానే చల్లారిపోతుంది. బాకీ లెక్క అలా చల్లారదు.

ఉదాహరణ కోసం మరీ దూరం వెళ్లక్కర్లేదు. హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీ షూటౌట్‌లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) గెలిచింది. 2023-24 వచ్చేసరికి జీతాల బాకీలు, కొత్త ఆటగాళ్లని తీసుకోకుండా నిషేధం, విదేశీ ఆటగాళ్లు వెళ్లిపోవడం, పట్టికలో అట్టడుగు స్థానం. 2024లో యాజమాన్యం మారింది, 2025లో క్లబ్బు ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది. కాబట్టి ఖాతాలు తిరగెయ్యాల్సింది జట్టు బాగా ఆడుతున్నప్పుడే. ఓడడం మొదలయ్యాక తెరిస్తే అప్పటికే సగం ఖాళీ అయిపోయి ఉంటుంది.

ఆ ఖాతాలు ఎక్కడ దొరుకుతాయంటావా? జెర్సీ మీద పేరు వేరు, కంపెనీ పేరు వేరు. క్లబ్బు లెటర్‌హెడ్ చూడు, ప్రైవేట్ లిమిటెడ్ అయితే 21 అక్షరాలూ అంకెల సీఐఎన్, అంటే కంపెనీ గుర్తింపు నంబరు, అచ్చేసి తీరాలి. ఆ నంబరుతో కార్పొరేట్ వ్యవహారాల శాఖ (ఎంసీఏ) పోర్టల్‌లో 100 రూపాయలు కడితే ఆ కంపెనీ దాఖలు చేసిన పబ్లిక్ కాగితాలన్నీ చూడొచ్చు. చూడ్డానికి ఇచ్చే గడువు తక్కువ, కూర్చున్న కూర్చోవడంలో అన్నీ దించుకో. ఏఓసీ-4లో ఖాతాలుంటాయి, ఎంజీటీ-7లో వాటాదారులుంటారు, సీహెచ్‌జీ-1లో ఏ ఆస్తి తాకట్టు పెట్టారో ఉంటుంది, డీఐఆర్-12లో డైరెక్టర్లు ఎప్పుడొచ్చారో ఎప్పుడు పోయారో ఉంటుంది. ఏడీటీ-3 కనిపిస్తే ఆగి చదువు. ఆడిటరు మధ్యలో రాజీనామా చేశాడని అర్థం, కారణం అందులోనే రాయాలి.

లాభనష్టాల దగ్గర మొదలుపెట్టకు. మన దేశంలో ఫుట్‌బాల్ క్లబ్బు నష్టంలో ఉండడం వార్తే కాదు. ఆడిటరు రిపోర్టులో సంస్థ కొనసాగగలదా అనే విషయంలో అనిశ్చితి ఉందని ప్రత్యేకంగా పేరా పెట్టాడేమో చూడు. తర్వాత పీఎఫ్, టీడీఎస్ (చెల్లించేటప్పుడే కోసే పన్ను) లాంటి చట్టబద్ధమైన బకాయిల పేరా. ఆ తర్వాత అసలు సంగతి, ఓనరు పెట్టిన డబ్బు ఏ రూపంలో ఉందన్నది. ‘సొంత డబ్బు పోసి నడుపుతున్నాను’ అని ప్రతి ఓనరూ ప్రెస్ మీట్లో అంటాడు. అది వాటా మూలధనంగా పెట్టాడా, అప్పుగా ఇచ్చాడా? అప్పయితే క్లబ్బు ఆయనకే బాకీ. రేపు అమ్మేటప్పుడు ఆ బాకీ కొనేవాడి నెత్తిన పడుతుంది, వడ్డీ కూడా ఉండొచ్చు. ఓనరుతో, ఆయన వాళ్లతో క్లబ్బు జరిపిన లెక్కలుండే ‘సంబంధిత పక్షాల లావాదేవీల’ నోటులో ఇది దొరుకుతుంది. ఆయనకున్న ఇంకో కంపెనీకి క్లబ్బు అద్దెలో, కన్సల్టెన్సీ ఫీజులో కడుతోందేమో అక్కడే చూడు. మూలధనంగానే పెట్టి నష్టపోతుంటే ఆ ముక్క కూడా రాయాలి. చేతగాని ఓనరుకీ దొంగ ఓనరుకీ తేడా ఉంది. ఆ తేడా చూపించకపోతే పాఠకుడికి అన్యాయం చేసినట్టే.

ఒక్క జాగ్రత్త. మార్చి 31తో ముగిసిన ఏడాది ఖాతాలు ఆ అక్టోబరు, నవంబరుకి గానీ పోర్టల్‌లోకి రావు. అందుకని ప్రతి అంకె పక్కనా ‘ఫలానా మార్చి 31 నాటికి’ అని రాయి. లేకపోతే ‘అది పాత లెక్క, ఎప్పుడో కట్టేశాం’ అని ఒక్క మాటతో కథనం మొత్తాన్ని కొట్టిపారేస్తారు. క్లబ్బు కంపెనీ కాదు, సొసైటీ అయితే ఎంసీఏలో ఏమీ దొరకదు. 2001 నాటి ఏపీ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద జిల్లా రిజిస్ట్రారు దగ్గర నకళ్లకి దరఖాస్తు పెట్టుకోవాలి.

ఇక జీతాల సంగతి. నీ కాపీలో అన్నిటికన్నా బలమైనది ఇదే, అన్నిటికన్నా బలహీనంగా రాసిందీ ఇదే. ‘మూడు నెలలుగా జీతాల్లేవు’ అన్నావు. ఎవరికి? ఓనరు అయిదుగురికి ఒక నెల జీతం వేసిన బ్యాంకు స్టేట్‌మెంట్ తెచ్చి టేబుల్ మీద పెడితే నీ వాక్యం అబద్ధమైపోతుంది. ‘జీతాలిస్తున్నారా’ అని అడిగితే ఆటగాడు భయపడి అవుననో, కోపంతో కాదనో అంటాడు. ‘మీ ఖాతాలో ఆఖరుసారి డబ్బు పడిన తేదీ ఏది, అది ఏ నెల జీతం, పూర్తిగానా కొంతేనా’ అని అడుగు. బ్యాంకు మెసేజ్ చూపించమను. ఒక్కొక్కరికీ ఒక వరస చొప్పున నోటుబుక్కులో రాసుకో: పని, ఆఖరుసారి పడిన నెల, తేదీ, ఎంత శాతం. ఆ పట్టిక నిండాక ‘కనీసం ఏడుగురికి ఆగస్టు తర్వాత జీతం పడలేదు’ అని రాయగలుగుతావు, దాన్ని ఎవరూ కదపలేరు.

ఆటగాళ్ల దగ్గరే ఆగకు. డబ్బు ఆగినప్పుడు సాధారణంగా ముందు దెబ్బ తగిలేది కిట్ చూసుకునే వాడికి, ఫిజియోకి, బస్సు డ్రైవరుకి, మెస్ కాంట్రాక్టరుకి. ఏజెంట్లు లేని మనుషులు, అడిగితే మాట్లాడతారు. సిబ్బంది పీఎఫ్ ప్రతి నెలా మరుసటి నెల 15లోగా కట్టాలి. పీఎఫ్ చూసే ఈపీఎఫ్ఓ సైట్‌లో సంస్థ పేరు వెతికితే ఏ నెలకి ఎందరి తరఫున ఎంత కట్టారో కనిపిస్తుంది. పాతిక మంది ఉన్నచోట ఆరుగురికే కట్టారంటే వార్త కావచ్చు, కారణం అడుగు. కాకపోతే ఆటగాళ్లు చాలామంది పీఎఫ్ జాబితాలో ఉండరు, కాంట్రాక్టు మీద టీడీఎస్ కోసి ఇస్తారు. ఆటగాడి పేరున జమైన పన్ను చూపించే ఫారం 26ఏఎస్ అతనితోనే తెరిపించు. జీతంలో పన్ను కోసి ప్రభుత్వానికి కట్టకపోతే అది అందులో కనిపించదు. ఇది జీతం ఆలస్యం కన్నా పెద్ద తప్పు. అయితే క్లబ్బు మూడు నెలలకోసారి ఇచ్చే టీడీఎస్ రిటర్ను దాఖలయ్యే దాకా 26ఏఎస్‌లో పడదు కాబట్టి తొందరపడకు.

విదేశీ ఆటగాళ్లుంటే ఫిఫా నిబంధనలు చదువు. వాటిలో 14బిస్ అనే అధికరణం ప్రకారం కనీసం రెండు నెలల జీతం బాకీ పడితే, ఆటగాడు రాతపూర్వకంగా 15 రోజుల గడువిచ్చి, అప్పటికీ కట్టకపోతే కాంట్రాక్టు తెంచుకోవచ్చు. అంటే ఆ నోటీసు వెళ్లిన తేదీ నీకు దొరికితే, ఆటగాడు ఎప్పుడు విమానం ఎక్కుతాడో ముందే లెక్కకట్టొచ్చు. కొత్త ఆటగాళ్ల రిజిస్ట్రేషన్ నిషేధం పడ్డ క్లబ్బుల జాబితా ఫిఫా బహిరంగంగానే పెడుతుంది. వారానికోసారి చూస్తుండు.

గ్రౌండు అద్దె గురించి ‘లక్షల్లో బకాయి’ అన్నావు. ఎన్ని లక్షలు? మన ఊళ్లో గ్రౌండ్లన్నీ ఒకరివి కావు. ఇందిరా ప్రియదర్శిని స్టేడియం నగరపాలక సంస్థ జీవీఎంసీది, పోర్టు స్టేడియం పోర్టుది, యూనివర్సిటీ గ్రౌండ్లు ఆంధ్రా యూనివర్సిటీవి, రైల్వేది రైల్వేదే. ఎవరి గ్రౌండైతే వాళ్ల పౌర సమాచార అధికారికి సమాచార హక్కు (ఆర్‌టీఐ) దరఖాస్తు పెట్టాలి. రుసుము 10 రూపాయలు, గడువు 30 రోజులు. పోర్టు, రైల్వే కేంద్రానివి కాబట్టి ఆ దరఖాస్తు కేంద్ర పోర్టల్‌లో పెట్టొచ్చు. జీవీఎంసీకి పెట్టే అర్జీలో ‘అద్దె ఎందుకు వసూలు చెయ్యలేదు’ అని అడిగితే, అది సమాచారం కాదని తిప్పి పంపుతారు. ‘ఫలానా క్లబ్బుతో ఒప్పందం నకలు, ఫలానా తేదీ నుంచి ఇచ్చిన డిమాండు నోటీసుల నకళ్లు, కట్టిన రసీదుల నకళ్లు’ అని అడుగు. కాగితం అడిగితే కాగితం వస్తుంది.

ఇవన్నీ చేతికొచ్చాక ఓనరుకి ప్రశ్నలు పంపాలి. ఫోనెత్తడం లేదన్న మాట పాఠకుడికి అనవసరం. నంబర్లు వేసి, ఏడెనిమిదికి మించకుండా, ఈమెయిల్లోనూ వాట్సాప్‌లోనూ రెండిట్లో పంపు. ‘మీ నిర్లక్ష్యం వల్ల’ లాంటి మాట ఒక్కటీ ఉండకూడదు. ప్రచురించబోయే ప్రతి ఆరోపణా అందులో ఉండాలి, లేని ఆరోపణ పేజీలో రాకూడదు. కనీసం రెండు పూర్తి రోజులివ్వు. సాయంత్రం 7కి పంపి, రాత్రి పేజీ వదిలేసి, ‘వివరణ కోరగా స్పందించలేదు’ అని రాయడం మన వృత్తిలో బాగా పాతుకుపోయిన చెడ్డ అలవాటు, కోర్టులో ముందు పట్టుకునేదీ దాన్నే. జవాబొస్తే మూడో పేరాలోకి తీసుకురా, తోకలో వేలాడదియ్యకు. రాకపోతే ఏ తేదీన, ఎన్నిసార్లు పంపావో రాయి.

ఇక మాటలు. నీ నాలుగో పేరా ఇదీ: ‘క్లబ్బును నిలువునా దోచుకుంటున్న ఓనరు ఆటగాళ్ల పొట్ట కొట్టి పరారీలో ఉన్నాడు.’ ఒక్క వాక్యంలో మూడు నేరాలు మోపావు. దోచుకోవడానికి రుజువు కావాలి, పొట్ట కొట్టడానికి ఉద్దేశం చూపించాలి, పరారీ అనాలంటే పోలీసులు వెతుకుతుండాలి. దాని బదులు ఇలా రాయి: ‘సిబ్బందిలో తొమ్మిది మందికి ఆగస్టు నుంచి జీతం పడలేదు. అదే కాలంలో ఓనరు కుటుంబ సంస్థకు క్లబ్బు కన్సల్టెన్సీ ఫీజు చెల్లించింది. రెండు వారాలుగా ఆయన క్లబ్బు ఆఫీసుకు రాలేదని అక్కడి ఉద్యోగులు ముగ్గురు చెప్పారు.’ ఇందులో తిట్టు లేదు, చదివినవాడే తిడతాడు. అంకెలు నీ పట్టికలో ఏముంటే అవే వెయ్యి, నావి నమూనాకి మాత్రమే.

హెడ్డింగు డెస్క్ పెడుతుందని వదిలెయ్యకు. అర్ధరాత్రి సబ్ ఎడిటరుకి నాలుగు మాటల్లో ఘాటు కావాలి, ‘క్లబ్బును ముంచిన ఘనుడు’ అని తగిలిస్తాడు. దావా పడేది దాని మీదే. కాపీతో పాటు నువ్వే రెండు మూడు హెడ్డింగులు రాసి పంపు.

భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షన్ పరువునష్టం గురించే. రెండేళ్ల దాకా సాధారణ జైలు, లేదా జరిమానా, లేదా సమాజ సేవ. నిజం రాశానంటే సరిపోదు, అది ప్రజాహితం కోసమని కూడా చూపించాలి. కోర్టులో జరిగినదాన్ని, తీర్పుని ఉన్నదున్నట్టు ఇస్తే దానికి మినహాయింపు ఉంది. ఇంగ్లండులో బ్లాక్‌పూల్ క్లబ్బు సంగతి చూడు. 2017 నవంబరులో హైకోర్టు, ఓనర్లైన ఓయ్‌స్టన్ కుటుంబం క్లబ్బు డబ్బుని అక్రమంగా తరలించిందని తేల్చి, భాగస్వామికి 3.127 కోట్ల పౌండ్లు కట్టమంది. ఆ రోజు దాకా ఆచితూచి అనాల్సిన మాటని ఆ రోజు నుంచి తీర్పు పేరు చెప్పి ధైర్యంగా రాయొచ్చు. కాబట్టి ఓనరు మీద ఏ కోర్టులో ఏ కేసుందో వెతకడం మానకు, కంపెనీల వివాదాలు, దివాలాలు చూసే నేషనల్ కంపెనీ లా ట్రిబ్యునల్ అమరావతి బెంచీతో సహా. నోటీసొస్తే నువ్వు జవాబివ్వకు, ఫేస్‌బుక్‌లో పెట్టకు, ఎడిటరుకివ్వు. రికార్డింగులు, నోటుబుక్కు మూడేళ్లు దాచు.

కాగితాలు వాటంతటవే నీ దగ్గరికొస్తే తెచ్చినవాడికి ఏం లాభమో చూసుకో. క్లబ్బు కొనాలనుకునేవాడికి ధర తగ్గాలి, నీ కథనం ఆ పని ఉచితంగా చేసిపెడుతుంది. కొనేవాడు రాగానే రక్షకుడొచ్చాడని రాయడం అంతకన్నా ప్రమాదం. ఇంగ్లండులో బరీ అనే క్లబ్బుని 2018 డిసెంబరులో ఒక్క పౌండుకి కొన్నారు. 2019 ఆగస్టు 27న, 1885 నాటి ఆ క్లబ్బుని లీగు నుంచి వెళ్లగొట్టారు. ‘డబ్బెక్కణ్ణించి తెస్తావు, కాగితం చూపించు’ అని మొదటిరోజే అడగాలి.

స్టేడియంలోకి రానివ్వకపోతే కంగారుపడకు. ఇంగ్లండులోనే న్యూకాజిల్ క్లబ్బు 2013 అక్టోబరులో అభిమానుల నిరసన ఊరేగింపు వార్త రాశారని స్థానిక పత్రికలనే నిషేధించింది. సౌతాంప్టన్ క్లబ్బు 2010లో బయటి ఫొటోగ్రాఫర్లని ఆపేస్తే, ప్లిమత్ ఊరి పత్రిక తమ జట్టు అక్కడ ఆడిన మ్యాచ్‌కి బొమ్మలు గీయించి వేసింది. పోయేది ప్రెస్ బాక్సులో కుర్చీ మాత్రమే. టికెట్ కొనుక్కుని గ్యాలరీలో కూర్చో. నిషేధం సంగతి ఒక్కరోజు వేసి వదిలెయ్యి, రోజూ మన గోడే రాస్తే జీతాల వార్త వెనక్కిపోతుంది.

ఇప్పుడు చెయ్యాల్సింది: ఈపీఎఫ్ఓ, ఎంసీఏ రేపే చూడు, ఆర్‌టీఐ ఈ వారమే పడెయ్యి, పట్టిక నింపు. ఆఖరి పేరాలో ఆయన కొత్త కారు గురించి రాశావు కదా, క్లబ్బు ఖాతాల్లో స్థిర ఆస్తుల కింద ‘వాహనాలు’ వరస చూడు, సీహెచ్‌జీ-1లో కారు లోను ఉందేమో చూడు. క్లబ్బు పేరు మీద ఉంటే ఆ పేరాని పైకి తీసుకురా. ఆయన సొంతానిదైతే కొట్టేసి, మిగతాది నాకు మళ్లీ పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు