రాజీనామా పత్రం కన్నా ముందు పాలసీ పత్రం

ప్రశ్న: మాది బెంగళూరు, మారతహళ్లి. నాకు 46 ఏళ్లు, మా ఆవిడకు 43. పిల్లలిద్దరూ స్కూల్లో ఉన్నారు. 14 మ్యూచువల్ ఫండ్లలో 1.60 కోట్లు, పీఎఫ్ 62 లక్షలు, కంపెనీ షేర్లు 40 లక్షలు, ఎఫ్‌డీ 3 లక్షలు ఉన్నాయి. సొంత ఫ్లాట్ మీద లోన్ 28 లక్షలు ఉంది. దాని మీదే 14 లక్షల టాప్-అప్ లోన్ తీసుకుని స్మాల్ క్యాప్ (చిన్న కంపెనీల షేర్ల) ఫండ్లో పెట్టాను (అదీ 1.60 కోట్లలోనే). ఈఎంఐ కాక నెల ఖర్చు 1.10 లక్షలు. అమ్మతో సహా అందరికీ కంపెనీ ఇన్సూరెన్స్ 5 లక్షలు ఉంది. నాకు బీపీ, అమ్మకు షుగర్. మార్చిలో ఉద్యోగం మానేద్దామనుకుంటున్నాను. నా ఫండ్లు సరైనవేనా? యూనిట్లు తాకట్టు పెట్టి హోసకోటె వైపు సైట్ (ఇంటి స్థలం) కొనొచ్చా?

జవాబు: మీరు ఫండ్ల గురించి అడిగారు, నేను ఇన్సూరెన్స్‌తో మొదలుపెడతాను. కంపెనీ పాలసీని సొంత పాలసీ లెక్కలో వేసుకోవడం ఐటీ ఇళ్లలో మామూలైపోయింది. ఆ కార్డు మీ చివరి పనిరోజు దాకానే.

మానేశాక కొత్త పాలసీ తీసుకుంటే, ముందునుంచీ ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా వెయిటింగ్ పెట్టొచ్చు. హెర్నియా, కంటి శుక్లం లాంటివాటికి మామూలుగా రెండేళ్లు. అన్నాళ్లూ ఆ బిల్లులు మీ జేబులోంచే కట్టాలి. ఇప్పుడే తీసుకుంటే, జీతం ఉన్నన్నాళ్లూ కంపెనీ పాలసీ చాటున వెయిటింగ్ గడిచిపోతుంది.

మీ నలుగురికీ కలిపి 10 లక్షల ఫ్లోటర్ (ఇంటిల్లిపాదికీ ఒకే పాలసీ), దానిపైన 10 లక్షల డిడక్టబుల్‌తో 40 లక్షల సూపర్ టాప్-అప్ తీసుకోండి. ఏడాది బిల్లులన్నీ కలిపి ఆ 10 లక్షలు దాటితే, దాటినంత అది ఇస్తుంది. ఉత్త టాప్-అప్ వద్దు, దానికి ఒక్కో బిల్లూ విడిగా 10 లక్షలు దాటాలి. ఏడాదిలో 7 లక్షల చొప్పున రెండుసార్లు బిల్లయితే టాప్-అప్ పైసా ఇవ్వదు, సూపర్ టాప్-అప్ 4 లక్షలు ఇస్తుంది. గది అద్దె పరిమితి లేని పాలసీ చూసుకోండి. 5,000 పరిమితి ఉండి 10,000 గదిలో చేరితే డాక్టర్ ఫీజు, థియేటర్ ఛార్జీలు కూడా సగానికి కోస్తారు. ప్రపోజల్ ఫారంలో బీపీ మాత్ర పేరు, ఎన్నేళ్లుగా వేసుకుంటున్నారో రాయండి. ఏజెంటు ‘అక్కర్లేదు సార్’ అన్నా సరే.

అమ్మగారిని ఫ్లోటర్‌లో కలపొద్దు. ఇంట్లో పెద్ద వయసును బట్టే దాని ప్రీమియం లెక్కగడతారు. ఆమెకు విడి పాలసీ తీసుకోండి, కో-పే (బిల్లులో కొంత వాటా మనమే కట్టడం) ఉన్నా ఫర్వాలేదు. గ్రూప్ పాలసీ నుంచి అదే బీమా కంపెనీ సొంత పాలసీకి మారే వీలు గురించి కూడా రాజీనామాకు ముందే హెచ్ఆర్‌ను అడగండి. గడిచిన వెయిటింగ్ కాలం కలిసొస్తుంది.

ఇక 3 లక్షల ఎఫ్‌డీ. మూడు నెలలకే చాలదు! జీతం రాని ఇంటికి 24 నెలల ఖర్చు, అంటే 26.40 లక్షలు, ఎఫ్‌డీల్లో, లిక్విడ్ ఫండ్లలో (వెంటనే తీసుకోగలిగే ఫండ్లలో) ఉండాలి. 2020 జనవరిలో 12,300 దాటిన నిఫ్టీ షేర్ల సూచీ మార్చి 23న 7,610 దగ్గర ముగిసింది. మీ యూనిట్ ధర అలా 100 నుంచి 62కు పడితే, నెల ఖర్చుకు 1,100 బదులు 1,774 యూనిట్లు అమ్మాలి. మార్కెట్ లేచినా అదనంగా అమ్మిన ఆ 674 యూనిట్లు తిరిగి రావు.

ఇక మార్చిలో ఉద్యోగం మానేసే సంగతి: ఉంటున్న ఫ్లాట్ ఇల్లు గడపదు, దాన్ని పక్కన పెట్టండి. 2.65 కోట్లలో అప్పులు పోను మిగిలేది 2.23 కోట్లు. ఏటా 13.20 లక్షలు తీస్తే దాదాపు 6 శాతం. నలభై ఏళ్లు రావాల్సిన డబ్బులోంచి అంత తీయకూడదు, పైగా కాలేజీ ఫీజులు ఇందులో లేవు. ఏటా తీసేది 3.5 శాతానికి దిగేదాకా మానేయొద్దు.

ఇల్లు తాకట్టు పెట్టి స్మాల్ క్యాప్ కొనమని ఎవరు చెప్పారో గానీ, ఆ యూనిట్లు అమ్మేసి టాప్-అప్ లోన్ మూసేయండి. యూనిట్లు తాకట్టు పెట్టి సైట్ కొనే మాట ఇక ఎత్తొద్దు. మార్కెట్ పడితే అప్పిచ్చినవాళ్లు ఇంకా యూనిట్లో డబ్బో తెమ్మంటారు, తేలేకపోతే అట్టడుగు ధరకు మీవే అమ్మేస్తారు. హోసకోటె సైట్ ఆ వారంలో అమ్ముడుపోదు.

ఫండ్లు నాలుగు చాలు. కంపెనీ షేర్లు సగానికి తగ్గించండి. ఫండ్ల అమ్మకాలు రెండు ఆర్థిక సంవత్సరాలకు పంచితే ఏటా 1.25 లక్షల దీర్ఘకాలిక లాభానికి పన్ను ఉండదు.

టర్మ్ పాలసీ (జీవిత బీమా) గురించి మీరు రాయలేదు. లేకపోతే అదీ జీతం స్లిప్పులు చేతిలో ఉండగానే తీసుకోండి. ఆదాయం చూపించలేనివాళ్లకు పెద్ద కవర్ ఇవ్వడానికి బీమా కంపెనీలు వెనకాడతాయి.