సంతకానికి ముందు ఒక కాగితం మీద లెక్క

విశాఖపట్నం

చిట్టితల్లీ,

బోట్ల వాళ్లతో చేసుకోబోతున్నానని నువ్వు పంపిన అగ్రిమెంటు రెండుసార్లు చదివాను. ఫిషింగ్ హార్బర్ వేలంపాట రేట్లు కొనేవాళ్ల ఫోన్లలో కనపడేలా నువ్వు చేసిన యాప్ చూసి నాకెంత సంతోషమేసిందో మీ నాన్నకి ఫోన్ చేసి మరీ చెప్పాను. నాలుగో పేజీ దగ్గరే ఆగిపోయాను. ‘నెలలో 99.9 శాతం సమయం నడుస్తుంది, అంతకంటే తగ్గితే ఆగిన ప్రతి గంటకీ 5,000 రూపాయలు మేం కడతాం’ అని రాశావు. ఏ లెక్క మీద రాశావమ్మా?

30 రోజుల నెలకి 43,200 నిమిషాలు. అందులో 0.1 శాతం అంటే 43 నిమిషాలు. ఇప్పుడు తెల్లారగట్ల ఐదింటికి హార్బర్లో నిలబడి చూడు. వంజరం, చందువ గంపలు జెట్టీ మీదకి దిగుతుంటాయి, పాట మొదలవుతుంది, చూస్తుండగానే ఒక్కో రాశీ తెగిపోతుంది. సరిగ్గా అప్పుడు నీ యాప్‌ని నడిపే సర్వర్ 40 నిమిషాలు ఆగిందనుకో. కొనేవాడికి ఆ పూట బేరం పోయింది. కాగితం ప్రకారం మాత్రం ఎవరూ మాట తప్పలేదు! రేపణ్నుంచి నీ యాప్ ఎవడు తెరుస్తాడు?

అందుకే హామీని నెల మొత్తానికి కలిపి రాయకు. పాట జరిగే నాలుగు నుంచి ఎనిమిది దాకా విడిగా రాయి. ఆ గంటలు నెలకి 7,200 నిమిషాలు. 99.9 అన్నావంటే ఆగడానికి నీకున్నది 7 నిమిషాలు, 99.5 అంటే 36. నిలబెట్టుకోగలిగిందే రాయి, తక్కువ అంకె రాశానని చిన్నబోకు.

ఇంకో సంగతి. నువ్వు యాప్ నడుపుతున్నది అమెజాన్ దగ్గర అద్దెకి తీసుకున్న ఒక్క మెషీన్ మీద. ఈసీ2 అని మెషీన్లు అద్దెకిచ్చే ఆ అమెజాన్ వాళ్ల ఒప్పందంలో 99.99 అని కనపడేది ఒకే రీజియన్‌లో, అంటే ఒకే ప్రాంతంలో, కనీసం రెండు జోన్లలో (విడివిడి డేటా సెంటర్లలో) మెషీన్లు పెట్టుకున్నవాళ్లకి. ఒక్క మెషీన్‌కి వాళ్లిచ్చే మాట 99.5, అంటే నెలకి 3 గంటల 36 నిమిషాలు. వాళ్లు నీకివ్వని మాట నువ్వు బోట్ల వాళ్లకి ఎలా ఇస్తావు? అంతకంటే ఎక్కువసేపు ఆగినా మొదటి మెట్టులో దక్కేది బిల్లులో 10 శాతం క్రెడిట్. నీ మెషీన్ బిల్లు 7,200 అయితే అది 720 రూపాయలు, అదీ చేతికి రాదు, తర్వాతి బిల్లుల్లో తగ్గిస్తారు. నువ్వు కట్టేది గంటకి 5,000. మూడు నెలలకోసారి ఒక గంట జరిమానా పడుతుందనుకున్నా నెలకి 1,667. అది నువ్వు అడిగే ధరలోనే ఉండాలి, లేకపోతే నీ జేబులోంచే పోతుంది.

నేను దెబ్బతిన్నదీ ఇక్కడే. పోర్టు దగ్గర షిప్పింగ్ ఆఫీసులో ఉన్నప్పుడు అద్దె సర్వర్ రెండు రాత్రులు ఆగింది. క్రెడిట్ కావాలంటే గడువులోగా రాసి అడగాలన్న లైను నేను చదవలేదు. మూణ్నెల్లకి అడిగితే గడువు దాటిందన్నారు. క్రెడిట్ దానంతటది రాదు తల్లీ. ఆగిన టైము, మళ్లీ లేచిన టైము అప్పటికప్పుడు రాసి పెట్టుకో, లాగ్ (మెషీన్ తనంతట రాసుకునే చిట్టా) దాచుకో. తుఫాను లాంటివాటికి అమెజాన్ వాళ్లు బాధ్యులు కారన్న లైను కూడా చూడు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ చూసినవాళ్లం, అలాంటి లైను నీ అగ్రిమెంటులోనూ ఉండాలి.

ధర సంగతి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం, మరబోట్లు కదలవు కదా, మెషీన్‌ని ఏడాది మొత్తానికీ ముందే ఒప్పుకుంటే నష్టమని నీ భయం. లెక్క వేద్దాం. విడిగా వాడిన గంటలకే కడితే గంటకి 10 రూపాయల మెషీన్, ఏడాదికి రిజర్వ్ చేసుకుంటే గంటకి 6 అనుకో. మిగతా 304 రోజులూ రాత్రింబవళ్లు నడిస్తే విడిగా 72,960. రిజర్వ్ చేసుకుంటే నిషేధం రోజులు కలిపినా 52,560. నీ భయం తప్పే! కానీ రోజుకి 6 గంటలే నడిపితే విడిగా 18,240కే అయిపోతుంది. కాబట్టి మెషీన్ ఎన్ని గంటలు మేలుకోవాలో ముందు తేల్చుకో. స్పాట్ మెషీన్, అంటే వాళ్ల దగ్గర ఖాళీగా ఉన్నది తక్కువకి ఇచ్చేది, చవకని పాట టైములో పెట్టకు, రెండు నిమిషాల ముందు చెప్పి లాగేసుకుంటారు. రాత్రి పాత లెక్కలు కట్టుకోవడానికైతే బంగారం.

చేపల ఫొటోలు ఫోన్లో తీసినవి తీసినట్టే పెడుతున్నావు, ఒక్కోటి 4 ఎంబీ. 300 మంది రోజుకి 40 ఫొటోలు చూస్తే 48 జీబీ, నెలకి 1,440. అమెజాన్ మెషీన్‌లోంచి బయటికి వెళ్లే డేటాలో నెలకి 100 జీబీయే ఉచితం. అర ఎంబీకి కుదించు, 180కి దిగుతుంది. చేప తాజాదనం అందులోనూ తెలుస్తుంది.

ఆదివారం మధ్యాహ్నం భోజనానికి రా. నాలుగో పేజీ మళ్లీ రాద్దాం. అప్పటిదాకా వాళ్లు ఎంత తొందరపెట్టినా సంతకం చెయ్యకు.

మీ పెదనాన్న