ఫౌండేషన్ కోర్సు కోసం గొలుసు కుదువ పెట్టాలా?

ప్రశ్న: మాది కరీంనగర్. మా వారి జీతం నెలకు 48 వేలు. పాప తొమ్మిదో తరగతి, బాబు ఆరు. ఇద్దరి స్కూల్ ఫీజు ఏడాదికి 1,10,000. సాయంత్రం ట్యూషన్‌కు పాపకు 2,500, బాబుకు 1,500 నెలనెలా కడుతున్నాం. ఇప్పుడు స్కూల్ వాళ్లు పాపను ఐఐటీ ఫౌండేషన్‌లో, అంటే ఐఐటీ ఎంట్రన్స్‌కు ఇప్పటి నుంచే తయారు చేసే కోచింగ్‌లో చేర్చమంటున్నారు, ఇంకో 45 వేలు. అందరూ చేరుస్తున్నారు, మా పాప వెనకబడుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. నా గొలుసు కుదువ పెట్టి కట్టమంటారా?

జవాబు: వద్దమ్మా. గొలుసు బీరువాలోనే ఉండనివ్వండి.

స్కూల్ ఫీజు 1,10,000, పది నెలల ట్యూషన్ 40 వేలు, ఫౌండేషన్ 45 వేలు కలిపితే 1,95,000. మీ ఏడాది ఆదాయం 5,76,000. మూడో వంతుకు పైగా ఫీజులకే పోతుంది, అదీ పుస్తకాలు, బస్సు కలపకుండానే. అసలు ఖర్చు ఇంటర్ నుంచి మొదలవుతుంది. అప్పటికి చేతిలో డబ్బూ ఉండదు, ఒంటి మీద గొలుసూ ఉండదు.

అందరూ పంపుతున్నారన్నారు. 2025లో కేంద్ర ప్రభుత్వం చేసిన విద్యా సర్వేలో ప్రైవేటు కోచింగ్ తీసుకుంటున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి 27 మందే. పట్టణాల్లో కూడా 31 దాటలేదు.

ఒకసారి ఒక తండ్రి నా బల్ల మీద రెండు నోట్‌బుక్కులు పక్కపక్కనే పెట్టాడు. ఒకటి స్కూల్‌ది, ఒకటి ట్యూషన్‌ది. అదే పాఠం, అవే ప్రశ్నలు, అవే జవాబులు. పిల్లాడికి రాని భిన్నాల లెక్కలు రెండిట్లోనూ బోర్డు మీద చూసి దించుకున్నవే. ఒకే పాఠానికి రెండు చోట్ల ఫీజు కట్టినా వాడికి రానిది రానట్టే ఉండిపోయింది. చూసి మనసు కలుక్కుమంది.

అందుకే ఈ ఆదివారం పాప ఎఫ్ఏ పేపర్లు, అంటే స్కూల్లో మధ్యమధ్యలో పెట్టే చిన్న పరీక్షల పేపర్లు ముందేసుకుని తనతో కూర్చోండి. మార్కులు కాదు, ఎక్కడ ఆగిపోయిందో చూడండి. వచ్చి కూడా టైం చాలక వదిలేసిందా, అసలు మొదటి మెట్టే తెలియలేదా? ఆ పేపర్లు పట్టుకుని స్కూల్లో ఆ సబ్జెక్టు టీచర్‌ను కలవండి. మీరు ఫీజు కట్టేది అందుకే, మొహమాటపడకండి. అప్పటికీ అవసరమనిపిస్తే ఆ ఒక్క సబ్జెక్టుకే ట్యూషన్ పెట్టించండి, 1,500లో అయిపోవచ్చు. ఆరో తరగతి బాబుకు ట్యూషన్ అంటే చాలావరకు హోంవర్క్ చేయించడమే. ఆ గంట మీరు పక్కన కూర్చుంటే చాలు.

ఇలా నెలకు 2,500 మిగులుతాయి. బ్యాంకులో 18 నెలల ఆర్డీ (నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్) కట్టండి. వడ్డీ కలపకుండానే 45 వేలు, సరిగ్గా పాప ఇంటర్ అడ్మిషన్‌కు అందుతాయి.

ఇక ఫౌండేషన్ సంగతి. 16 ఏళ్లలోపు పిల్లలను కోచింగ్ సెంటర్లలో చేర్చుకోకూడదని 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ మార్గదర్శకాలిచ్చింది. మధ్యలో మానేస్తే మిగిలిన రోజుల ఫీజు పది రోజుల్లో తిరిగివ్వాలని కూడా అందులో ఉంది. స్కూల్ వాళ్లు మళ్లీ ఒత్తిడి చేస్తే రసీదు ఎవరి పేరు మీద ఇస్తారో అడగండి. విడి కోచింగ్ సంస్థ పేరు మీదైతే 18 శాతం జీఎస్టీ కూడా పడొచ్చు, అంటే ఇంకో 8,100.